పొడుగు మిషనుది, ఒంపు ఆపాది



ఆత్మకూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న మిషను గురించి రాయమని దోస్తులు చాలా రోజులుగా అడుగుతున్నారు. ఎక్కువమందిది ఒకటే సవాల్: "లేతూ మిల్లింగూ కలిసిన మిషను ఇంట్లో పెట్టుకుంటే నిజంగా పనికొస్తుందా, పైసలు మట్టిలో పోసినట్టా?" ఉదయగిరి నుంచి మాత్రం వేరే సవాల్ వస్తోంది: "చెంచాలకు మిషను పెడితే అవి ఇంకా ఉదయగిరి చెంచాలేనా?" మొదటిదానికి జవాబు నా దగ్గర ఉంది, కొలతలతో సహా చెప్తాను. రెండోదాని మీద మా ఖాందాన్‌లోనే ఇప్పటికీ బహస్ నడుస్తోంది. అదీ దాచకుండా రాస్తాను.

ఉదయగిరి చూడనివాళ్ల కోసం రెండు మాటలు. కొండా, కొండ మీద ఖిల్లా, ఖిల్లా కింద ఊరు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ ఖిల్లాను గెలుచుకున్నారు. తర్వాతి కాలంలో గోల్కొండ నవాబుల చేతికి వచ్చింది. అందుకే ఆ కొండ మీద గుళ్లూ ఉన్నాయి, మస్జిదులూ ఉన్నాయి. ఆ కొండ కింది ఊళ్లో మనవాళ్ల ఖాందాన్‌లు కొన్ని తరాలుగా చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతున్నాయి. నర్ది, బిక్కి, దేవదారి, కల్ది, పాలబరిక అని ఈ పనికి పనికొచ్చే కర్రల పేర్లు ఆ ఇళ్లల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. ఉదయగిరి చెక్క కట్లరీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి ఎవరు పడితే వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ చేసి అమ్ముకోవడానికి లేదు.

మా పెద్దాపాను ఇచ్చింది ఆ ఊరికే. నికాహ్ అయి వెళ్లిన కొత్తలో ఆమెకు ఉలి పట్టుకోవడం రాదు. అత్తగారే ఉస్తాద్ అయి నేర్పింది. ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆ గల్లీలో ఫోర్కు కాడ మీద సన్న నగిషీ తియ్యాలంటే ఆపానే పిలుస్తారు. పని ఇలా సాగుతుంది. బాడిశతో కర్రను బద్ద చెయ్యాల. రంపంతో ఆకారం కొయ్యాల. చెంచా అయితే గుంట తవ్వాల, ఫోర్కు అయితే పళ్లు చీల్చాల. తర్వాత ఉలి, ఆకురాయి, గరుకు కాయితం. చివర్లో నగిషీ. చూసేవాళ్లకు కనిపించేది నగిషీ. చేతిని తినేసేది మాత్రం దానికి ముందున్న రంపం పని, ఆకురాయి పని.

రెండేళ్ల కిందట ఆపాకు కుడిచేతి బొటనవేలు మొదట్లో నొప్పి మొదలయింది. పొద్దున లేస్తే చాయ్ కప్పు పట్టుకోలేదు. డాక్టర్ సాబ్ చూసి, కీలు అరిగింది, గట్టిగా పట్టి నొక్కే పని తగ్గించుకోమన్నాడు. పని తగ్గించుకోవడమంటే రోజీ తగ్గించుకోవడమే కదా. దుల్హాభాయ్ ఒంట్లో బాగుండదు, కొడుకు డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు ఆపా ఫోన్ చేసి, "బాబూ, నీ దగ్గర అంత పెద్ద మిషన్ ఉండాది. నా చెయ్యి చేసే మోటు పని అది చెయ్యలేదా?" అని అడిగింది.

అక్కడి నుంచి నా పని మొదలు.

మిషను ఎలాంటిది

నేను జుబైల్‌లో పద్నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేసి వచ్చాను. వచ్చాక చెన్నైలో మూతపడిన ఒక చిన్న వర్క్‌షాపు సామాను అమ్ముతుంటే ఈ మిషను కొన్నాను. లేత్ బెడ్డు మీదే వెనకవైపు ఒక గుండ్రటి స్తంభం, దాని మీద మిల్లింగ్ హెడ్డు. క్రాస్ స్లయిడ్ మీద టీ ఆకారం గాళ్లు ఉంటాయి, మిల్లింగ్ చేసేటప్పుడు అదే టేబుల్. స్థలం తక్కువ ఉన్న ఇంటికి ఇది బాగా కుదురుతుంది. కానీ రెండు పనులు ఒకే ఒంట్లో పెట్టుకున్న మిషను రెండింట్లోనూ కొంచెం కొంచెం బలహీనంగా ఉంటుంది. కొనేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకుని కొనుక్కోవాలి.

బలహీనతలు ఇవి. కాళ్లు పల్చటి రేకువి, కోత పడితే వణుకుతాయి. మిల్లింగ్ స్తంభం గుండ్రంగా ఉంటుంది కాబట్టి హెడ్డును పైకో కిందకో జరిపితే పక్కకు తిరుగుతుంది, పెట్టుకున్న కొలత పోతుంది. వేగం మార్చాలంటే ప్రతిసారీ మూత తీసి బెల్టు మార్చాలి. ఇది ఇనుము కోసం చేసిన మిషను. కర్ర పొట్టు దీనికి పడదు.

నేను చేసిన మార్పులు

మొదట కాళ్లు. రేకు స్టాండు తీసేసి సి-ఛానల్‌తో ఫ్రేము వెల్డింగ్ చేయించి, ఛానల్ బోలులో కాంక్రీటు నింపాను. ఇనుము మోగుతుంది, కాంక్రీటు ఆ మోతను మింగేస్తుంది. మిషను ఎక్కించాక బెడ్డు మెలి పడిందో లేదో చూడాలి. అందుకు ముప్ఫై మిల్లీమీటర్ల కడ్డీని చక్‌లో బిగించి, టెయిల్ స్టాక్ ఆనించకుండా, 120 మిల్లీమీటర్ల దూరంలో రెండు చోట్ల ఒకే కోత తీశాను. రెండు చోట్లా కొలిస్తే తేడా 0.04 వచ్చింది. టెయిల్ స్టాక్ వైపు ఒక కాలి కింద పల్చటి షిమ్ము పెట్టి మళ్లీ కోత, మళ్లీ కొలత. నాలుగోసారికి తేడా 0.01కి దిగింది. ఆ తర్వాతే టెయిల్ స్టాక్ వంతు. రెండు సెంటర్ల మధ్య 200 మిల్లీమీటర్ల కడ్డీ పెట్టి కోస్తే రెండు చివరల మధ్య 0.06 తేడా. అంటే టెయిల్ స్టాక్ అందులో సగం, 0.03 పక్కకు ఉందన్నమాట. పక్క స్క్రూలతో జరిపాను. ఈ వరస తప్పకూడదు. బెడ్డు మెలి ఉండగా టెయిల్ స్టాక్ సరిచేస్తే ఒక ఐబ్‌ను ఇంకో ఐబ్‌తో కప్పినట్టే.

"కర్ర పనికి ఇంత సన్న కొలతలు దేనికి మామూ?" అని మా భాంజా అడిగాడు. కర్రకు అక్కర్లేదు బేటా, కర్రను కోసే రంపాలకు కావాలి అన్నాను. ఆ సంగతి కింద వస్తుంది.

రెండోది మోటారు. పాత సింగిల్ ఫేజ్ మోటారు తీసి ఒక హార్స్‌పవర్ త్రీ ఫేజ్ మోటారు పెట్టాను. మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజే కాబట్టి మధ్యలో వీఎఫ్‌డీ డ్రైవు. ఈ డబ్బా 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తుంది. మోటారు 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటుంది. ఆరు వైర్లూ బయటకు వచ్చిన మోటారు కొనుక్కుని, దాన్ని డెల్టాకు మార్చాలి. మార్చకపోతే మోటారు తిరుగుతుంది గానీ దమ్ము ఉండదు. 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 1440 చుట్లు తిరిగే మోటారు, 25 హెర్ట్జ్ దగ్గర అందులో సగం, 75 దగ్గర ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. బెల్టు ఒకే గాడిలో పెట్టి, నాబ్ తిప్పితే ఇనుము వేగం, ఇంకొంచెం తిప్పితే కర్ర వేగం. ఒక జాగ్రత్త: మరీ తక్కువ హెర్ట్జ్‌లో ఎక్కువసేపు నడిపితే మోటారు ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇంకో సంగతి. మన దగ్గర కరెంటు చెప్పి పోదు, చెప్పి రాదు. కరెంటు వచ్చినప్పుడు మిషను తనంతట తాను తిరగడం మొదలుపెడితే చేతులు పోతాయి. మళ్లీ బటన్ నొక్కితేనే తిరిగేలా డ్రైవులో సెట్టింగ్ పెట్టాను. ఎర్రటి పెద్ద స్టాప్ బటన్ మోకాలికి తగిలే ఎత్తులో బిగించాను, రెండు చేతులూ పనిలో ఉన్నా మోకాలితో ఆపొచ్చు.

మూడోది ఆ గుండ్రటి స్తంభం. స్తంభానికి సమాంతరంగా ఒక మందపాటి చదరపు ఇనుప పట్టీ నిలబెట్టి, పైనా కిందా బిగించాను. హెడ్డుకు రెండు వేళ్లలాంటి ముక్కలు తగిలించాను, అవి ఆ పట్టీని అటూ ఇటూ పట్టుకుని జారుతాయి. హెడ్డు ఇప్పుడు పైకీ కిందకీ పోతుంది, పక్కకు తిరగదు. పట్టీ నిటారుగా ఉందో లేదో డయల్ గేజ్‌తో చూసుకుంటూ బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం మార్పుల్లో ఎక్కువ సబ్ర్ అడిగింది ఇదే, ఎక్కువ ఫాయిదా ఇచ్చింది కూడా ఇదే. చెంచా గుంటను గుండ్రటి మొన ఉన్న కట్టర్‌తో మోటుగా తవ్వడానికి లోతు ఆపే కట్ట ఒకటి పెట్టాను. పొడుగు గరిటె నుంచి చిన్న చెంచాకు మారినా హెడ్డు దిగాల్సిన చోటే దిగుతుంది.

నాలుగోది ఫోర్కు పళ్లు. ఆపా చేతిని ఎక్కువ తినేది ఇదే. సన్న రంపంతో మూడు గాట్లు కొయ్యాలి, కాస్త వంకర పోతే పన్ను విరుగుతుంది, అప్పటిదాకా చేసిన మెహనత్ పొయ్యిలోకి. నేను ఏం చేశానంటే, ఒక కడ్డీ తరిమి, దాని మీద 125 మిల్లీమీటర్ల వృత్తాకారపు రంపం బిళ్లలు మూడు, మధ్యలో పన్ను మందం ఉన్న రింగులు పెట్టి బిగించాను. ఆ కడ్డీ రెండు సెంటర్ల మధ్య తిరుగుతుంది. ఫోర్కు బద్ద క్రాస్ స్లయిడ్ మీద, టేకుతో చేసిన ఒక తొట్టిలో పడుకుంటుంది. క్రాస్ స్లయిడ్ స్క్రూ తీసేసి లాగే పిడి పెట్టాను. పిడి లాగితే బద్ద రంపాల్లోకి పోతుంది, మూడు గాట్లూ ఒకేసారి పడతాయి. ఆ కడ్డీ కాస్త వంకరగా తిరిగినా రంపం ఊగుతుంది, గాటు వెడల్పవుతుంది, పన్ను సన్నబడుతుంది. భాంజాకు చెప్పిన జవాబు ఇదే. గాటు చివర రంపం గుండ్రదనం వల్ల కొంచెం ఏటవాలుగా ఆగుతుంది. దాన్ని సన్న ఆకురాయితో చేత్తో సరిచెయ్యాల్సిందే.

ఐదోది సఫాయీ. కర్ర పొట్టు బెడ్డు మీది నూనెను పీల్చేసి ముద్దవుతుంది, కింద ఇనుము తుప్పు పడుతుంది. బెడ్డు మీద మడతలు పడే రెక్సిన్ తెర వేశాను, పక్కన పొట్టు లాగే వాక్యూమ్ గొట్టం. ఇనుప రజను కర్రకు తగిలినా నష్టమే. వగరు ఉన్న కర్రకు ఇనుప రజను అంటి, తడి తగిలితే నల్లటి మచ్చ పడుతుంది, అది గీకినా పోదు. అందుకని ఇనుము పని చేసిన రోజు కర్ర ముట్టం. మరునాడు మొత్తం తుడిచి, కర్రకు తగిలే తొట్టి, బిగించే ముక్కలు అన్నీ కర్రవే వాడతాం, వాటికి గ్రీజు అంటనివ్వం. నోట్లో పెట్టుకునే వస్తువు ఇది. పాక్‌గా ఉండాలి.

ఇంట్లో ఆడవాళ్లు కూడా మిషను ముందు నిలబడతారు కాబట్టి ఒక కాయిదా రాసి గోడకు అంటించాను. దుపట్టా వెనక్కి ముడి వేసి పైన ఏప్రాన్ కట్టాలి. గాజులు తియ్యాలి. చేతికి గ్లౌజులు వద్దు, తిరిగే మిషను గ్లౌజును పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు. రంపాల ముందు పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ మూత దించకుండా బటన్ నొక్కకూడదు.

అసలు బహస్

మొదటి సంచీ బద్దలు బస్సులో ఉదయగిరి వెళ్లాయి. ఆపా ఒక్కో ఫోర్కుకు బద్ద కోతకూ పళ్లకూ కలిపి అరగంట దాకా పెట్టేది. ఇక్కడ ఆ రెండూ కలిసి నాలుగు నిమిషాలు. ఆమె బద్దను చేతిలో తిప్పి చూసి, "పొడుగు నువ్వు తియ్యి బాబూ, ఒంపు నేను తీస్తా" అన్నది. ఆ మాట మీదే కొన్ని నెలలు సాఫీగా నడిచింది.

తర్వాత పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మూడు వేల చెంచాలు కావాలి, అన్నీ ఒకే అచ్చు, కాడ ఒంపుతో సహా. మిషను మీదే కాడ కూడా తీసెయ్యండి, రేటు తక్కువైనా సంఖ్య ఎక్కువ కదా అన్నాడు.

అది చెయ్యడం ముష్కిల్ కాదు. ఒక నమూనా కాడను పక్కన పెట్టి, దాని మీద ఒక వేలు జారుతుంటే, కట్టర్ అదే ఒంపును కొత్త కర్ర మీద దించుతుంది. ఈ తర్కీబ్ రెండు వందల ఏళ్ల కిందటిది. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తుపాకీ కర్రలను ఇలాగే తరిమించాడు. ఒంపుసొంపులున్న కర్రను మిషను నకలు తీయగలదని చూపించింది ఆ లేతే. నా దగ్గర డ్రైవు ఉంది, పట్టీ ఉంది, తొట్టి ఉంది. నకలు వేలు ఒక్కటి తగిలిస్తే చాలు.

భాంజా ఎగిరి గంతేశాడు. "మామూ, మనం చెయ్యకపోతే ఎవరూ చెయ్యరా? సహారన్‌పూర్‌లో చేస్తారు, ఇంకోచోట కంప్యూటర్ మిషను మీద చేస్తారు. అమ్మీ చెయ్యి ఎన్నాళ్లు ఉలి పడుతుంది?" వాడి మాట కొట్టిపారేసేది కాదు. వాడు డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నాడు, ఈ మిషను ముందు నిలబడిన రోజే వాడి ముఖంలో ఉమ్మీద్ చూశాను.

ఆపా వెంటనే జవాబివ్వలేదు. ఆ గల్లీలో ఆమె దగ్గర పని తీసుకునే ఆడవాళ్లు ఏడుగురు ఉన్నారు. కాడలు చెక్కడం, నున్న చెయ్యడం వాళ్ల పని. వాళ్లలో ఇద్దరు బేవాలు. వాళ్లలో ఒకామె ఇంటికొచ్చి, నన్ను నేరుగా అడిగింది: "భాయ్‌సాబ్, మోటు పని మిషనుకు పోయినందుకు మాకు ఖుషీ. కాడ కూడా పోతే మేం ఏం చెక్కాల?" ఆ సవాల్‌కు వీఎఫ్‌డీలో సెట్టింగ్ లేదు.

మన చుట్టుపక్కల చూస్తే లేతుతోనే బతికే హునర్‌లు ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తరిమి, తిరుగుతుండగానే లక్క పూసి చేసేవి. కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలూ అంతే, ఆ పనికి టిప్పు సుల్తాన్ ఆదరణ ఉండేదని చెప్పుకుంటారు. అక్కడ లేత్ కారీగర్ చేతిలో పనిముట్టు, ఎందుకంటే ఆ బొమ్మ పుట్టుకే గుండ్రం. తిరిగే కర్ర మీద చెయ్యి పెట్టి ఆకారం ఇచ్చేది మనిషే. ఉదయగిరి చెంచా పుట్టుక వేరు. కాడ కర్ర వాటాన్ని బట్టి ఒంగుతుంది, ముడి ఎక్కడుందో చూసి నగిషీ జరుగుతుంది. ఏ రెండూ ఒకటి కావు. నకలు వేలు పెడితే పోయేది సరిగ్గా ఆ తేడానే. చేతిపని అని చెప్పి కొనేవాడి దగ్గర పైసలు తీసుకుంటున్నాం, అది అమానత్ లాంటి మాట.

చివరికి ఆపానే ఫైసలా చేసింది. వ్యాపారికి ఇలా చెప్పించింది: బద్ద, గుంట, పళ్లు మిషను చేస్తుంది, ఆ సంగతి దాచం. కాడ ఒంపు, నగిషీ, నునుపు చేత్తోనే. అన్నీ ఒక కొలతలో ఉంటాయి, ఒక అచ్చులో ఉండవు. మూడు వేలు కాదు, ఆరు వందలు ఇస్తాం, రేటు ఇది. అతను రెండు రోజులు ఆలోచించి నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. మిగతా సరుకు ఇంకెక్కడో చేయించుకుంటాడు, అందులో షక్ లేదు.

లెక్క చెప్పాలి కదా. ఆ నాలుగు వందల మీద ఏడుగురికీ కూలీ అందింది, మునుపు విరిగిన పళ్లతో పారేసే కర్ర మిగిలింది, ఆపా బొటనవేలికి సగం పని తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు. మూడు వేల ఆర్డరు తీసుకుని ఉంటే భాంజాకు నెలనెలా జీతంలాంటి ఆమ్‌దనీ వచ్చేది, అది రాలేదు. వాడు ఇంకా రాజీ పడలేదు. "మీరు హునర్‌ను బతికిస్తున్నారు మామూ, నన్ను ఎవరు బతికిస్తారు?" అన్నాడు ఒకరోజు. నేను జవాబు చెప్పలేదు. వాడి చేతికి డయల్ గేజ్ ఇచ్చాను. ఇప్పుడు వాడు సోమవారం నుంచి గురువారం దాకా ఇక్కడ ఉంటాడు. మోటారు పంపుల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు తరమడం నేర్చుకుంటున్నాడు. ఆత్మకూరు చుట్టూ సేద్యం ఉన్నంతకాలం ఆ పనికి కొదవ లేదు. మిషనుకు ఇనుము ముఖం కూడా ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది. శుక్రవారం సఫాయీ, శనివారం కర్ర. ఆదివారం పొద్దున బద్దల సంచీతో వాడు ఉదయగిరి బస్సెక్కుతాడు.

ఇక మొదటి సవాల్‌కు జవాబు. ఇలాంటి మిషను కొనాలనుకునే భాయీలకు నా సలహా: కొన్న ధరలో సగం మార్పులకు పక్కన పెట్టుకోండి. ముందు కాళ్లు, తర్వాత బెడ్డు, తర్వాత మోటారు, ఆ తర్వాతే మిగతావి. ఏ పని కోసం కొంటున్నారో ఆ పని చేసేవాళ్లను మిషను ముందు నిలబెట్టి అడగండి, ఏది మీ చేతిని తింటోంది, ఏది మీ చేతికే ఉండాలి అని. మా షెడ్డులో ఆ నకలు వేలు ఇప్పటికీ చెయ్యలేదు. దానికోసం కొన్న ఇనుప ముక్కతో భాంజా మొన్న ఒక పంపు షాఫ్టుకు బుష్షు చేశాడు. కొలిచి చూశాను, 0.02లో కూర్చుంది.

ఖుదా హాఫిజ్.